ఎడారి పార్కులో పరుగుకు మనోబలం ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఎడారి పార్కుల గుండా కాలిబాటల మీద సాగే ట్రెయిల్ పరుగు పందేలపై మీ పత్రిక ప్రచురించిన వ్యాసం చదివాను. అటువంటి పందేలలో పాల్గొన్నవాడిగా ఆ పరుగులోని ఆనందాన్ని నేను కాదనను. అయితే ఎండనూ ఇసుకనూ జయించేది మనోబలమేనని వ్యాసకర్త పదేపదే చెప్పడం ఆందోళన కలిగించింది. ఎడారిలో పరుగెత్తేవారి క్షేమం వారి పట్టుదల కంటే, నిర్వాహకులూ పార్కు అధికారులూ ముందుగా పెట్టుకున్న నిబంధనల మీద, వాటిని అమలుచేసే తెగువ మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

చైనాలోని గాన్సు రాష్ట్రంలో, ఎల్లో రివర్ స్టోన్ ఫారెస్ట్ అనే పొడి కొండల పార్కులో, 2021 మే 22న జరిగిన 100 కిలోమీటర్ల పందెంలో 172 మంది బయలుదేరగా 21 మంది మరణించారు. వారి ప్రాణాలు తీసింది ఎండ కాదు. వాహనాలు చేరలేని ఎత్తైన భాగంలో ఉన్నట్టుండి విరుచుకుపడిన చలిగాలి, వాన, వడగళ్ల వల్ల శరీర ఉష్ణోగ్రత పడిపోయి చనిపోయారు. మృతుల్లో లియాంగ్ జింగ్ వంటి అగ్రశ్రేణి క్రీడాకారుడు కూడా ఉన్నాడు. మనోబలమే కాపాడేదైతే ముందుగా అతన్నే కాపాడి ఉండేది. గాలిని ఆపే జాకెట్ ఆ పందెంలో తప్పనిసరి వస్తువు కాదు, కేవలం సూచన. ఆరుగురు మాత్రం ఆ కొండల్లో గొర్రెలు మేపుకునే ఒక కాపరి తన గుహలో చోటిచ్చి, మంట వేసి వెచ్చబరచడం వల్ల బతికారు. ఏ ప్రణాళికలోనూ లేని ఒక మంచి మనిషి ఆ సమయానికి అక్కడ ఉండటమన్నది భద్రతా ఏర్పాటు కాదని వేరే చెప్పనక్కరలేదు.

అధికారులు తలచుకుంటే ఏం చేయగలరో అమెరికాలోని డెత్ వ్యాలీ అనే ఎడారి పార్కు చూపింది. ఆ జాతీయ పార్కు యాజమాన్యం క్రీడా పోటీలకు అనుమతులు నిలిపివేసి భద్రతపై సమీక్ష జరపడంతో, పేరుపొందిన బ్యాడ్‌వాటర్ పందెం 2014లో పార్కు వెలుపలి దారిలో జరిగి, మరుసటి ఏడాది రాత్రివేళ ఆరంభంతో తిరిగి పార్కులోకి వచ్చింది. అది తారురోడ్డు మీది పందెమే అయినా, పార్కు కాదంటే పందెం ఆగుతుందని, మారుతుందని అది రుజువు చేసింది.

ఇక ఎండ విషయం. శరీరం వేడికి అలవాటుపడటానికి సుమారు రెండు వారాల సాధన కావాలి. చల్లని ఊరి నుంచి ముందురోజు వచ్చి పరుగుకు నిలబడేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. నీళ్లు ఎంత ఎక్కువ తాగితే అంత మేలన్న నమ్మకం కూడా ప్రమాదకరమే. గంటల తరబడి అవసరానికి మించి తాగితే రక్తంలో సోడియం పలచబడి వాంతులు, మతిభ్రమ కలుగుతాయి. అవి వడదెబ్బ లక్షణాలను పోలి ఉండటం వల్ల, పక్కనున్నవారు ఇంకొంచెం నీళ్లు పట్టించి ప్రాణం మీదికి తెస్తారు. నిజంగానే వడదెబ్బ తగిలి, శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, స్పృహ తప్పుతున్న మనిషిని ఆసుపత్రికి తరలించడానికి ముందే చల్లని నీటి తొట్టిలో ఉంచాలి. కాబట్టి దారి పొడవునా పరుగెత్తేవారికి సాయం అందించే ఎయిడ్ స్టేషన్లలో తాగునీటితో పాటు మంచు, తొట్టి, ఈ రెండు స్థితులకూ తేడా తెలిసిన వైద్య సిబ్బంది ఉండాలి.

నేల గురించి కూడా ఒక మాట చెప్పాలి. చాలా ఎడారి పార్కులలో ఇసుకను పట్టి ఉంచేది సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవులు) కలిసి అల్లిన పలుచని పొర. ముందువారిని దాటే తొందరలో కాలిబాట పక్కన వేసిన అడుగుతో చితికిన ఆ పొర తిరిగి కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. బాట ఇరుకైన చోట దాటడాన్ని నిషేధించి, అతిక్రమించినవారిని పోటీ నుంచి తప్పించాలి.

ఇకపై ఇటువంటి పందేల గురించి రాసేటప్పుడు విజేతల పట్టుదలతో పాటు, తప్పనిసరి వస్తువులేమిటో, వాతావరణం చెడితే పందెం ఆపే అధికారం ఎవరికుందో, నడవలేనివారిని దుర్గమమైన చోటి నుంచి ఎలా దించుతారో నిర్వాహకులను అడిగి, వారి జవాబును ప్రచురించవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను.

భవదీయుడు,
దూరపు పరుగులో పాల్గొనే ఒక పాఠకుడు