కార్బన్ పన్ను సొమ్ములో వాటా ఇవ్వండి: యూరప్ వాతావరణ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారాలు.

మీ కార్బన్ సరిహద్దు పన్ను 2026 జనవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. 2023 అక్టోబరు నుంచి అప్పటిదాకా లెక్కలు చూపిస్తే సరిపోయేది. ఇప్పుడు ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దిగుమతి చేసుకునేవాళ్లు వాటి తయారీలో వెలువడిన కార్బన్‌కు సర్టిఫికెట్లు కొనాలి. దీన్ని రద్దు చేయమని నేను అడగను. మీ ఫ్యాక్టరీలు కాలుష్యానికి ధర కడుతుంటే, అదే సరుకు బయటి నుంచి ఆ ఖర్చు లేకుండా వస్తుంటే, ఫ్యాక్టరీలు చోటు మారుతాయి తప్ప పొగ తగ్గదు. ఆ భయం నాకూ ఉంది.

నేను అడిగేది వసూలయ్యే సొమ్ము గురించి. అందులో 75 శాతం యూరోపియన్ యూనియన్ బడ్జెట్‌కు వెళ్లాలని మీ కమిషన్ ప్రతిపాదించింది. మిగతాది సభ్య దేశాలకు. పేద దేశాలకు సాయం చేయాలన్న మాట చట్టంలో ఉంది కానీ, ఈ సొమ్ములో వాళ్లకు వాటా రాసిపెట్టలేదు.

ఉక్కునే తీసుకోండి. బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేస్‌లో టన్ను ఉక్కు తయారైతే సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. తుక్కును కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో అది చాలా తక్కువ. కానీ ఫర్నేస్ మార్చాలంటే పెద్ద పెట్టుబడి కావాలి, చవగ్గా అప్పు పుట్టాలి, శుభ్రమైన కరెంటు ఉండాలి. అవి లేనప్పుడు పన్ను ఒక్కటే ఏం చేయగలదు? రెండు రకాల ఫ్యాక్టరీలూ ఉన్న కంపెనీ తక్కువ కార్బన్ ఉక్కును మీకు పంపి, మిగతాది ఇంకో దేశానికి అమ్ముకుంటుంది. మీ రికార్డుల్లో ఉద్గారాలు తగ్గుతాయి, బ్లాస్ట్ ఫర్నేస్ మాత్రం ఎప్పటిలాగే మండుతూ ఉంటుంది. అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది ఇదే.

మీ పరిశ్రమల విషయంలో మీరు ఇలా చేయలేదు. 2005లో కార్బన్ మార్కెట్ (ఫ్యాక్టరీలు కార్బన్ వదలడానికి పర్మిట్లు కొనుక్కునే ఏర్పాటు) పెట్టినప్పటి నుంచి భారీ పరిశ్రమలకు ఆ పర్మిట్లు ఉచితంగా ఇస్తూ వచ్చారు, 2034కి గానీ అవి పూర్తిగా ఆగవు. సరిహద్దు పన్ను కూడా ఆ మేరకే మెల్లగా పెరుగుతుందని తెలుసు. కానీ దానికి ముందు దొరికిన 20 ఏళ్ల వెసులుబాటు ఎగుమతి దేశాలకు లేదు. పైగా పర్మిట్లు అమ్మిన డబ్బుతోనే ఇన్నోవేషన్ ఫండ్ పెట్టి మీ ఫ్యాక్టరీల కొత్త టెక్నాలజీకి సాయం చేస్తున్నారు. మంచి పని. అదే పద్ధతి సరిహద్దు అవతల కూడా పాటించమని అడుగుతున్నాను.

ఎగుమతి చేసే దేశం తానే కార్బన్ ధర వసూలు చేసుకుంటే ఆ మేరకు మీ పన్ను తగ్గుతుంది, డబ్బు అక్కడే ఉంటుంది కదా అని మీరు అనవచ్చు. నిజమే. పెద్ద దేశాలకు ఆ దారి ఉంది. తన అల్యూమినియం అమ్ముకోవడానికి యూరప్ మార్కెట్ మీద ఆధారపడుతూ వచ్చిన మొజాంబిక్ లాంటి దేశం కార్బన్ మార్కెట్‌ను, కొలిచేవాళ్లను, తనిఖీ చేసేవాళ్లను ఎంతకాలంలో తయారుచేసుకోగలదు? అతి పేద దేశాలకు కూడా మీ చట్టం మినహాయింపు ఇవ్వలేదు.

2024లో అజర్‌బైజాన్ రాజధాని బాకులో జరిగిన వాతావరణ సదస్సు తొలిరోజే ఎజెండా దగ్గర ఆగిపోయింది. ఇలాంటి ఏకపక్ష వాణిజ్య చర్యల మీద చర్చ పెట్టాలని బ్రెజిల్, దక్షిణాఫ్రికా, భారత్, చైనా కోరడం అందుకు ఒక కారణం. వర్ధమాన దేశాలకు వాతావరణ సాయంగా ఏటా 10 వేల కోట్ల డాలర్లు ఇస్తామని 2009లో సంపన్న దేశాలు ఇచ్చిన మాట, గడువు దాటి 2022లో గానీ నెరవేరలేదు. అది గుర్తున్నవాళ్లకు ఈ పన్ను వాతావరణం పేరుతో పెట్టిన సుంకంలాగే కనిపిస్తుంది.

2026 దిగుమతులకు కొనాల్సిన సర్టిఫికెట్ల అమ్మకం 2027 ఫిబ్రవరిలో మొదలవుతుంది. పేద ఎగుమతి దేశాల ఫ్యాక్టరీలు మార్చడానికి, అక్కడి చిన్న ఉత్పత్తిదారుల ఉద్గారాలు కొలవడానికి ఈ సొమ్ములో ఎంత వాటా వెళ్తుందో ఆలోపే చట్టంలో రాయించండి.

ఇట్లు,
ఒక పౌరుడు