తెలుగు మాట్లాడినంత మాత్రాన తలుపు తీయవచ్చా?

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు రామమూర్తినగరలో ఇరవై రెండేళ్లుగా ఉంటున్న నేను, ఇటీవల మా వీధిలో జరిగిన ఒక మోసాన్ని మీ పత్రిక ద్వారా ఈ నగరంలోని తెలుగు కుటుంబాల దృష్టికి, ముఖ్యంగా ఊళ్లలోని తల్లిదండ్రులను తెచ్చి తమ దగ్గర ఉంచుకున్న పిల్లల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా పక్కింటి పెద్దావిడ మదనపల్లె వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఏడాదిన్నర అయింది. కొడుకూ కోడలూ ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరితే చీకటి పడ్డాక గాని ఇల్లు చేరరు. పనమ్మాయి మాట్లాడేది కన్నడం, ఎదురింటివారిది హిందీ. పగలంతా ఆమె చెవిన పడే తెలుగు టీవీలో వచ్చేదే. ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న ఇద్దరు యువకులు వచ్చి, ఇత్తడి సామాన్లకు మెరుగుపెట్టే పొడి కొత్తగా వచ్చిందనీ, ప్రచారం కోసం ఉచితంగా తోమి చూపిస్తామనీ కన్నడంలో మొదలుపెట్టి, ఆమె తడబాటు చూసి వెంటనే తెలుగులోకి మారారు. ‘మాదీ మదనపల్లె పక్కనే, పెద్దమ్మా’ అన్నాడట ఒకడు. ఆ మాటతో ఆమె గ్రిల్ తలుపు గడియ తీశారు.

ముందు దీపపు కుందిని తోమారు. అది నిజంగానే తళతళలాడింది. తరువాత వెండి కుంకుమభరిణె అడిగారు, అదీ మెరిసింది. అప్పటికి నమ్మకం కుదిరిన ఆ తల్లి, వాళ్లు అడగగానే మెడలోని గొలుసు తీసి ఇచ్చారు. దానిని ఒక చిన్న డబ్బాలోని ద్రావకంలో కాసేపు ముంచి, తీసి, పసుపు కలిపిన నీళ్ల గిన్నెలో వేసి, ఆ గిన్నెను కుక్కరులో పెట్టి, ఇరవై నిమిషాల దాకా మూత తీయవద్దనీ, తీస్తే రంగు పట్టదనీ చెప్పి, ఈలోగా పక్క వీధిలో ఇంకో ఇల్లు చూసుకుని వస్తామంటూ వెళ్లిపోయారు.

మూత తీస్తే గొలుసు ఉంది, మెరుస్తూనే ఉంది. చేతిలోకి తీసుకున్నప్పుడు తేలికగా అనిపించి, ఆమె నన్ను వెంటబెట్టుకుని దగ్గర్లోని నగల దుకాణానికి వచ్చారు. 32 గ్రాముల గొలుసు తక్కెడలో 26 గ్రాములు తూగింది. దుకాణదారు భూతద్దంలో చూపించిన లంకెల అంచులు అరిగిపోయి, కొక్కెం తీగలా సన్నబడి ఉంది. ఒక వంతు నత్రికామ్లానికి మూడు వంతుల హైడ్రోక్లోరికామ్లం కలిపితే తయారయ్యే ద్రవరాజంలో బంగారం కరుగుతుందని బడిలో చదువుకున్నదే. కరిగిన బంగారం ఆ డబ్బాలోనే వాళ్లతో వెళ్లిపోతుంది, దానిని తిరిగి రాబట్టుకోవడం వాళ్లకు తెలిసిన పనే. ఇరవై నిమిషాల గడువు బంగారానికి రంగు పట్టడం కోసం పెట్టింది కాదు, వాళ్లు వీధి దాటడం కోసం పెట్టింది.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ తరువాత జరిగినదే. ఆమె ఆ సంగతిని మూడు రోజులు కొడుకుతో చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. ‘ఇంత చదువుకున్న పిల్లల ముందు నేనొక మొద్దునైపోతాను’ అన్నారు. చివరికి చెబితే, ‘నీకెవరు తలుపు తీయమన్నారు’ అన్నదే ఆ ఇంట్లో వినిపించిన మొదటి మాట. ఇటువంటి మాటకు భయపడే పెద్దవాళ్లు మోసాన్ని దాచిపెడతారు. ఫిర్యాదు ఆలస్యమైన ప్రతి రోజూ వీధి కెమెరాల్లోని దృశ్యాలు చెరిగిపోయే అవకాశం పెరుగుతుంది, ఆ మనుషులకు ఇంకో వీధి దొరుకుతుంది.

మన ఊళ్లలో గడప దగ్గరికి వచ్చిన మనిషిని ‘ఏ ఊరు, ఎవరి తాలూకు’ అని అడిగి, జవాబు విని, అందులో తెలిసిన పేరు ఒకటి దొరికితే లోపలికి పిలవడం అలవాటు. అక్కడ ఆ జవాబు నిజమో కాదో చెప్పగలిగినవారు పక్కనే ఉంటారు. ఇక్కడ ఊరి పేరు ఎవరైనా చెప్పవచ్చు. ఈ నగరంలో తెలుగు రానివారి కంటే వచ్చినవారే ఎక్కువ కనబడే పేటలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, తెలుగు మాట్లాడటం ఒక మనిషి గురించి మనకు చెప్పేది దాదాపు ఏమీ లేదు. మెడలో వేలాడే గుర్తింపు కార్డు కూడా అంతే, దానిని ఏ జిరాక్సు దుకాణంలోనైనా తయారుచేయించుకోవచ్చు. కరెంటు మనిషినని వస్తే 1912కు, నీళ్ల బోర్డు మనిషినని వస్తే 1916కు ఇంట్లోవారే ఫోన్ చేసి అడగాలి. అతను ఇచ్చిన నంబరుకు చేస్తే అవతల ఎత్తేది అతని మనిషే. గ్యాస్ పైపు పాతబడింది, పేలుతుందని భయపెట్టి అప్పటికప్పుడు డబ్బు అడిగేవారిని వాకిట్లోనే ఆపి, సిలిండరు బుక్ చేసే ఏజెన్సీకి ఫోన్ చేయాలి. నిజంగా వాసన వస్తుంటే 1906 ఉంది.

అందరినీ దొంగలుగా చూడమని నా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. 2025 సెప్టెంబరులో మొదలైన సామాజిక, విద్యా సర్వే కోసం ఎండలో ఇల్లిల్లూ తిరిగిన ఉపాధ్యాయులను తలుపు కూడా తీయకుండా పంపిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. అది తప్పు. అటువంటివారితో గ్రిల్ మూసి ఉంచే మర్యాదగా మాట్లాడవచ్చు. దాహమన్నవారికి నీళ్లు ఇవ్వకుండా పంపడం మన ఇళ్లలో లేదు, ఉండకూడదు. సీసాను గ్రిల్ సందులోంచి అందిస్తే చాలు.

పెద్దలు కన్నడంలో ముందుగా నేర్చుకునే మాటల్లో ‘మనెయల్లి యారూ ఇల్ల’ ఒకటి. ఇంట్లో ఎవరూ లేరని తలుపు దగ్గర చెప్పడమంటే తాము ఒంటరిగా ఉన్నామని చెప్పడమే. దాని బదులు ‘ఆమేలె బన్ని’, అంటే తరువాత రండి, అని నేర్పమని పిల్లలను వేడుకుంటున్నాను. కెమెరా ఉన్న కాలింగ్ బెల్ పెట్టించాము కదా అని ఊరుకోవద్దు. ఆ బొమ్మ కనబడేది ఆఫీసు మీటింగులో ఉన్న కొడుకు ఫోనులో, బెల్లు వినబడేది ఇంట్లో ఉన్న తల్లికి. ఆ రోజు ఎవరు రావలసి ఉందో పొద్దున్నే చెప్పి వెళ్లడం, చెప్పని మనిషి వస్తే ఫోన్ చేసేదాకా గడియ తీయవద్దనడం, మోసపోతే ముందు ఓదార్చి తరువాత పోలీసు స్టేషనుకు తీసుకెళ్లడం, ఇవి ఖర్చులేని పనులు. ప్రభుత్వోద్యోగిగా నటించి వచ్చినవాడికి భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. ఫిర్యాదు లేకపోతే ఆ సెక్షన్ ఎవరికీ ఉపయోగపడదు.

2025 జులైలో కర్ణాటక పోలీసులు ‘మనె మనెగె పొలీస్’ (ఇంటింటికీ పోలీసు) పేరుతో ప్రతి ఇంటికీ వెళ్లి పలకరించే కార్యక్రమం ప్రారంభించారు. అలా వచ్చే బీటు సిబ్బంది పగటిపూట పెద్దలు ఒంటరిగా ఉండే ఇళ్లను గుర్తు పెట్టుకుని, తమ పేరూ స్టేషను నంబరూ తెలుగులోనూ ముద్రించిన కాగితం ఇచ్చి వెళ్లాలని పోలీసు అధికారులకు నా విన్నపం.

మీకు కూడా ఒక విన్నపం. అత్యవసర నంబరు 112తో పాటు, నగర పోలీసులూ ఒక స్వచ్ఛంద సంస్థా కలిసి 2002 నుంచి వృద్ధుల కోసం నడుపుతున్న 1090 హెల్ప్‌లైనునూ, పైన చెప్పిన మిగతా నంబర్లనూ మీ బెంగళూరు సంచికలో నెలకొకసారైనా పెద్ద అక్షరాలతో ఒక పెట్టెలో ప్రచురించండి. నేను చేత్తో రాసి ఇచ్చిన కాగితాన్ని మా పక్కింటి పెద్దావిడ తలుపు లోపలివైపు, గడియకు సరిగ్గా పైన అంటించుకున్నారు. ఆమెకు కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలు కావాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రామమూర్తినగర, బెంగళూరు