ఆదివారం చేపలు పట్టడానికి సూర్యలంక బీచ్‌కి వచ్చేవాళ్లకి: షాక్ లీడర్ సంగతి

అన్నలూ, తమ్ముళ్లూ! గుంటూరులో బయల్దేరేలోపే లీడర్ (విసురు దెబ్బకి రీల్‌లోని మెయిన్ లైన్ తెగకుండా దాని చివర కట్టే మందపాటి దారం) కట్టుకుని రండి. పోయినసారి ఒడ్డున చీకట్లో, సెల్ లైటు పళ్ల మధ్య పెట్టుకుని నేను కట్టిన ముడి రెండో విసురుకే జారిపోయింది. సీసం గుండు ఎటు ఎగిరిందో తెలీదు. పక్కన జనం లేరు కాబట్టి సరిపోయింది.

లెక్క తేలికే. గుండు ఒక్కో ఔన్సుకి 10 పౌండ్ల లాగుడు తట్టుకునే లీడర్. మనం వాడేది 4 ఔన్సులు, అంటే దాదాపు 113 గ్రాములు, కాబట్టి 40 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్ దారం). మెయిన్ లైన్ సన్నగా ఉన్నా పర్లేదు, విసురు దెబ్బంతా లీడరే కాస్తుంది. విసరడానికి రాడ్ కొస నుంచి గుండు వేలాడదీసినా రీల్ మీద లీడర్ ఇంకా ఐదారు చుట్లు మిగలాలి. 12 అడుగుల రాడ్‌కి 25 అడుగులు కోస్తే బెంగ ఉండదు.

మెయిన్ లైన్‌గా బ్రెయిడ్ (అల్లిన దారం) వాడేవాళ్లకి, దాన్ని లీడర్‌తో కలపడానికి ఎఫ్‌జీ అనే ముడి మేలు. అది రాకపోతే డబుల్ యూని ముడి వేయండి, కానీ బ్రెయిడ్ వైపు చుట్లు పెంచండి. బిగించేముందు ఉమ్ముతో తడపడం మర్చిపోవద్దు. పొడిగా లాగితే రాపిడి వేడికి మోనో మెలికలు తిరిగి బలం పోతుంది. అలా అయితే మొహమాటపడకుండా కోసేసి మళ్లీ కట్టండి. ముడి కొస పొడుగ్గా వదిలితే రాడ్ రింగులకి టకటకా తగులుతుంది.

ఇసుకలో ఈడ్చాక లీడర్‌ని గోటితో తడమండి, గరుకు తగిలితే అంతవరకు తీసేయాలి.

నా దగ్గర 40 పౌండ్ల స్పూల్ ఉంది. కావాల్సినవాళ్లు శనివారం సాయంత్రంలోపు చెప్పండి.