గేటు గడియ ఎటువైపు?

పర్లాకిమిడి,
ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు

ఒరేయ్ ఫ్యూజూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. జవాబు రాయనందుకు ఎన్ని తిట్లు తిట్టుకున్నావో గానీ అన్నీ తగిలాయి. మొన్న సోల్డరింగ్ ఐరన్‌ను పట్టుకోకూడని చోట పట్టుకుని వేలు కాల్చుకున్నాను. చెల్లుకు చెల్లు. అమ్మ బాగానే ఉంది. చిన్నది ఏడో తరగతికి వచ్చింది. మేడ మీద కారే చోట సిమెంటు పూయించాను, ఇప్పుడు దాని పక్కన కారుతోంది. మా పెద్దమామయ్య కొడుకు ఈ సాయంత్రం పలాసలో రైలెక్కి మీ ఊరు వస్తున్నాడు. వాడి చేతికి ఈ ఉత్తరమూ, జీడిపప్పు పొట్లమూ ఇస్తున్నాను. వార్తలు సమాప్తం.

అసలు సంగతి ఏమిటంటే, నేను మీ బాబాయి గారిని, అదే మన మాస్టారిని, బాధపెట్టాను. ఫోనులో చెప్పే ధైర్యం లేదు. సగం వినేసరికి నువ్వు నవ్వడమో అరవడమో చేస్తావు. కాగితం మీదైతే చివరిదాకా చదవక తప్పదు. పైగా ఈ నేరంలో సగం వాటా ఒక ఏడు అంగుళాల మానిటర్‌ది. దాని కథ చెప్పకుండా మొదలుపెడితే తప్పంతా నాదే అనిపిస్తుంది.

వసారా గదిలో నా బల్ల నీకు తెలుసు కదా. దాని మీద పెద్ద మానిటర్ పెడితే మనిషి చేతులు పెట్టుకోవడానికి చోటు మిగలదు. కావలసింది చిన్న తెర ఒకటే, పనులు మాత్రం మూడు, ఒక్కో పనికి ఒక్కో రకం సాకెట్. రాస్ప్‌బెర్రీ పై అనే నా బుల్లి కంప్యూటర్‌కు హెచ్‌డీఎంఐ కావాలి. పెరటి కెమెరాల బొమ్మలు రికార్డు చేసే పెట్టెకు, అదే డీవీఆర్‌కు, వీజీఏ కావాలి. గేటు దగ్గర పెట్టబోయే చౌక కెమెరాకు పాతకాలం పసుపు పిన్ను, అదే ఏవీ, కావాలి. అప్పుడప్పుడు సోల్డరింగ్ మైక్రోస్కోప్ కూడా తగిలించాలి. చత్వారం వచ్చిందిరా నాకు. నవ్వకు, నీకూ వస్తుంది.

మొదటిది ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టె మీద 1920×1080 అని ఎంత పెద్ద అక్షరాలతో వేశాడో! రాస్ప్‌బెర్రీ పైని తగిలిస్తే అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. చివరికి తేలింది ఏమిటంటే, ఆ అంకె అది తీసుకోగల సిగ్నల్‌ది, అద్దంలో ఉన్న చుక్కలది కాదు. చుక్కలు అడ్డంగా 800, నిలువుగా 480, అంతే. వచ్చిన బొమ్మను కుదించి కుదించి అందులో కూరుతుంది. మన హాస్టల్‌లో ఆరుగురం ఒక మంచం మీద పడుకున్న రాత్రి గుర్తుందా, అదే. తిరిగి పంపేశాను.

రెండోది బరంపురం వెళ్లి కళ్లతో చూసి కొన్నాను. ఎనిమిది అంగుళాలు, 1024×768, ఇనుప ఒళ్లు, వెనక అన్ని రంధ్రాలూ ఉన్నాయి, మెలితిప్పి బిగించే బీఎన్‌సీ కూడా. ఎంత మురిసిపోయానో! ఇంటికొచ్చి పెరటి కెమెరాను నేరుగా బీఎన్‌సీకి బిగించాను. నీలం తెర. కేబుల్ మార్చాను. నీలం తెర. ఒక పూట పోయాక బుర్ర వెలిగింది. బీఎన్‌సీ అంటే పిన్ను ఆకారమే, అందులో ఏ సిగ్నల్ వస్తుందో అది చెప్పదు. నా రెండు మెగాపిక్సెల్ కెమెరా పంపేది ఏహెచ్‌డీ అనే కొత్త రకం సిగ్నల్. మానిటర్‌కు అర్థమయ్యేది పసుపు పిన్నులో వచ్చే పాత రకం, సీవీబీఎస్, ఒక్కటే. తాళంచెవి దూరినంత మాత్రాన తాళం తెరుచుకోదు కదా. అదృష్టం కొద్దీ కెమెరా తీగకు వేలి గోరంత మీట ఒకటి ఉంది. దాన్ని ఒక పక్కకు కాసేపు నొక్కిపట్టుకుంటే పాత పద్ధతికి మారింది. బొమ్మ వచ్చింది, స్పష్టత పోయింది. సరే, డీవీఆర్ ద్వారానే చూద్దాంలే అనుకుని సర్దుకున్నాను.

ఆ రాత్రి వాన. కరెంటు పోయింది, వచ్చింది. పొద్దున చూస్తే మానిటర్‌కు ఎర్ర దీపం ఉంది, తెర నల్లగా ఉంది. కరెంటు పోయి వస్తే అది నిద్రలోకి వెళ్లిపోతుందట, మళ్లీ మనం మీట నొక్కాలట. కాపలా కుక్కను లేపడానికి అర్ధరాత్రి మనం లేవాలన్నమాట! నువ్వున్న నగరంలో అది లోపమే కాకపోవచ్చు. ఇక్కడ గాలి కాస్త గట్టిగా వీచినా కరెంటు తీసేస్తారు. 2018లో తిత్లీ తుపాను నాటి చీకటి నువ్వూ చూశావు కదా.

మళ్లీ బరంపురం. ఈసారి దుకాణం వెనక బల్ల దగ్గర కూర్చునే ముసలి మెకానిక్ నా గోల విని సగం ఒడియాలో, సగం తెలుగులో ఒకే మాట అన్నాడు. "బాబూ, వెలుగుతున్న మానిటర్‌కు ప్లగ్గు పీకు. పదంకెలు లెక్కపెట్టు. మళ్లీ పెట్టు. తనంతట తాను వెలిగితే కొను, లేకపోతే దండం పెట్టి వచ్చెయ్." అంతేరా. నేను పదిహేను రోజులు చదివిన చదువు అంతా ఆ ప్లగ్గు ముందు దిగదుడుపే. బల్ల మీద నాలుగు మానిటర్లు పెట్టాడు, మూడు నిద్రపోయాయి. నాలుగోది లేచింది. అది కారులో పెట్టుకునే రకం.

దాని గుణగణాలు చెబుతాను, నీకు నోరూరుతుంది. ఏడు అంగుళాలు, అసలు చుక్కలే 1024×600, ఐపీఎస్ రకం తెర కనుక పక్కనుంచి చూసినా రంగు తిరగబడదు. హెచ్‌డీఎంఐ, వీజీఏ, రెండు ఏవీలు. కారుకీ లారీకీ పనికొచ్చేది కనుక వెనక చీటీ మీద 12 నుంచి 24 వోల్టులు అని ఉంది. అంటే బ్యాటరీకి నేరుగా తగిలించవచ్చు. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ పద్నాలుగు వోల్టులు దాటుతుంది కదా, అచ్చంగా 12కే చేసిన వాటిని అలా తగిలించాలంటే నాకు భయం. లోపాలూ ఉన్నాయి. అద్దంలో నా బట్టతల కనిపిస్తుంది, స్పీకర్ కందిరీగలా ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై సెట్టింగుల ఫైలులో 1024, 600, 60 అని రాసి పెడితేగాని బొమ్మ సరిగ్గా కూర్చోలేదు. అవన్నీ క్షమించాను. ఎందుకంటే దానికి ఒక ఎర్ర తీగ ఉంది.

కారు రివర్స్ గేరు వేయగానే వెనక కెమెరా బొమ్మ రావడానికి ఆ తీగ. దానికి 12 వోల్టులు తగిలాయో, మానిటర్ పడుకుని ఉన్నా లేచి, ఏది చూపిస్తున్నా ఆపి, రెండో ఏవీ బొమ్మ చూపిస్తుంది. అది చూడగానే నాకు ఏమనిపించి ఉంటుందో నీకు చెప్పాలా? గేటు దగ్గర మనిషి కదలికను పట్టే పీఐఆర్ సెన్సర్ పెట్టాను. దాని నుంచి వచ్చేది 3.3 వోల్టులే, అందుకని మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టర్, దానితో టిక్‌మని పడే స్విచ్చు, అదే రిలే. ట్రాన్సిస్టర్ కాలకుండా డయోడు పెట్టాను, పెట్టాను! ల్యాబ్‌లో నువ్వు కాల్చినవి ఎన్నో నాకు లెక్క ఉంది. మెకానిక్ దగ్గరే కారు వెనక కెమెరా కూడా చవగ్గా తెచ్చాను. మొదటి రాత్రంతా పిల్లి. సెన్సర్‌ను కాస్త ఎత్తుకు జరిపాక పిల్లి తగ్గింది.

ఇంతకీ గేటు మీద కాపలా దేనికంటే, పూలకి. అమ్మ మందారాలు, నందివర్ధనాలు నెల నుంచీ తెల్లారేసరికి మాయమవుతున్నాయి. అమ్మ లేచేది ఐదున్నరకు, పూలు పోయేది అంతకంటే ముందు. "మొగ్గలు కూడా వదలడం లేదురా" అని రోజూ దేవుడి ముందు ఖాళీ పళ్లెం పెట్టి నాకేసి చూసేది.

సోమవారం తెల్లవారుజామున రిలే టిక్‌మంది. బల్ల పక్కనే చాప మీద పడుకున్నాను. తెర వెలిగింది. వీధి దీపం వెలుతురులో గేటు, కొమ్మ, కండువా తలకు చుట్టుకున్న ఒక ఆకారం. నవ్వకుండా విను. కారు కెమెరా కదా, బొమ్మ మీద పార్కింగ్ గీతలు వస్తాయి, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆ దొంగ సరిగ్గా ఎర్ర గీత మీద నిలబడి, గోడకు తగలకుండా బండి పెడుతున్నంత జాగ్రత్తగా పూలు కోస్తున్నాడు. నేను లేచి తలుపు తీసేసరికి ఎవరూ లేరు. రికార్డింగ్ లేదు. చూసిందే సాక్ష్యం. చూసినదాంట్లో ఒకటే గట్టిగా గుర్తుంది, కోసినది ఎడమ చేత్తో.

మన వీధిలో ఎడమచేతివాటం ఉన్నది ఎవరికిరా? మీ వంశానికి తప్ప? నువ్వు ఊళ్లో లేవు.

ఆ పొద్దునే వెళ్లాను. మాస్టారు అరుగు మీద పేపరు చదువుతున్నారు. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. ఎప్పటిలాగే, 1936లో మన ఊరు ఒడిశాలో కలిసినప్పుడు గిడుగు వారు పర్లాకిమిడి వదిలి వెళ్లిపోయిన కథ చెప్పారు. నాలుగొందల సార్లు విన్న కథ, అయినా ఆయన చెబుతుంటే గొంతు దగ్గర ఏదో అవుతుంది. నేను ఆ కథ వింటూనే కిటికీలోంచి ఆయన పూజ గది చూశాను. మందారాలు ఉన్నాయి. అన్నాను. తెలివిగా అన్నాననుకున్నాను. "మాస్టారూ, ఎడమ చేత్తో కోసిన పూలు దేవుడికి పనికొస్తాయా?"

ఆయన ఏమీ అనలేదు. చేతిలోని కాఫీ గ్లాసు చూసుకున్నారు. ఎడమ చేతిలోనే ఉంది. దాన్ని కుడి చేతిలోకి మార్చుకున్నారు.

చిన్నప్పుడు ఆ చేతిని బల్లకు కట్టేసి కుడి చేత్తో దిద్దించారని నువ్వే చెప్పావు నాకు. మహేంద్రతనయ ఒడ్డున, గుర్తుందా. నాకు గుర్తుంది. గుర్తుండే అన్నానేమో అనిపిస్తోంది ఇప్పుడు, అదే నిద్ర పట్టనివ్వడం లేదు.

బుధవారం మళ్లీ టిక్. ఈసారి అమ్మను ముందే లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాను, నా పనితనం చూపిద్దామని. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని తెరను ఒక్క క్షణం చూసి, దొంగను వదిలేసి, "గడియ ఆ పక్కకు ఎప్పుడు మార్చావురా?" అంది.

"ఏ గడియ?"

"మన గేటు గడియ. రోజూ నేను కుడి చేత్తో తీసే గడియ ఎడమకు ఎలా వెళ్లింది?"

కారు వెనక కెమెరా బొమ్మను అద్దంలోలా తిప్పి చూపిస్తుంది. డ్రైవరుకు అద్దంలో చూసిన అలవాటు కదా, అందుకు. ఇది నాకు తెలుసురా! పదేళ్ల కిందట నీకు నేనే వివరించాను. ఎదుటి దుకాణం బోర్డు కూడా తెరలో తిరగబడే ఉంది. ఆ మసక బొమ్మలో గుండ్రటి ఒడియా అక్షరాలు ఎటు తిరిగాయో, ఈ ఊళ్లో నలభై ఏళ్లు బతికిన నాకు తెలియలేదు. కెమెరా తీగల మధ్య చిన్న ఉచ్చులా వేలాడే తీగ ఉంటుంది, అది కత్తిరిస్తే బొమ్మ తిన్నగా అవుతుంది. కత్తిరించాను. ఒక్క కత్తెర వేటు. రెండు రోజుల ముందు వేయవలసిన వేటు.

అమ్మ దొంగను గుర్తుపట్టింది. "ఎవరు?" అంటే "నీకెందుకు" అంది. మర్నాటి నుంచి గేటుకు చిన్న బుట్ట తగిలిస్తోంది, అందులో రాత్రే కోసిన మొగ్గలు. చెట్టు మీద పూలు ఉంటున్నాయి. ఎవరన్నది ఇప్పటికీ నాకు తెలియదు.

శుక్రవారం మాస్టారి దగ్గరికి వెళ్లాను, చెబుదామని. నోరు పెగల్లేదు. "మానిటర్ కొన్నాను, చూస్తారా" అన్నాను. వెంటనే చెప్పులు వేసుకున్నారు. తెర ముందు కూర్చుని అన్నీ అడిగారు, ఎర్ర తీగ సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు, గీతలు చూసి పిల్లవాడిలా నవ్వారు. "నేను బయట నిలబడతాను, ఎలా కనిపిస్తానో చూడు" అని వెళ్లారు. రిలే టిక్‌మంది. గేటు దగ్గర మాస్టారు, కెమెరాకేసి ఒకసారి చూశారు. తర్వాత కొమ్మ వంచి ఒక మందారం కోశారు. తడబడుతూ, రెండుసార్లు తొడిమ జారిపోతే మూడోసారి.

తీగ కత్తిరించాక చూసిన బొమ్మ కదా, అనుమానం లేదు. అది కుడి చెయ్యే.

పువ్వు తెచ్చి అమ్మకిచ్చి వెళ్లిపోయారు. నేను ఏమీ అనలేదు. ఇవాళ ఆదివారం. ఇంకా ఏమీ అనలేదు. ఒకసారి వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను. నువ్వైతే ఎలా మొదలుపెడతావు? కెమెరా తప్పు అంటే సాకులా ఉంటుంది. అసలు నేను అన్న మాటకూ, కెమెరాకూ సంబంధం ఏముంది? పూలు నిజంగా ఆయనే కోసి ఉన్నా ఆ మాట

వీడు వచ్చేశాడు. ఆటో బయట హారన్ కొడుతోంది, అమ్మ ఇంకా పొట్లం కడుతూనే ఉంది. నీకూ మానిటర్ కావాలన్నావు కదా, ప్లగ్గు పీకి చూడకుండా కొనకు. మిగతాది మళ్లీ రాస్తాను. మాస్టారికి నువ్వు ఫోను చెయ్యకు, నేనే

నీ
కెపాసిటర్