"ఏం లేదు" అన్నారని బాధపడకు

బిడ్డా,

రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడ్చింది ఊపిరాడక హాస్పిటల్‌కు పోవాల్సి వచ్చినందుకు కాదు, అక్కడ "నీకేం లేదమ్మా, టెన్షన్" అని పంపించినందుకని నాకు అర్థమైంది. మీ అమ్మ పక్కనే ఉందని నేను ఎక్కువ మాట్లాడలేదు. నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను.

నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు, మిర్చి సీజన్‌లో, ఎనుమాముల మార్కెట్‌లో కాంటా దగ్గరే కూలబడ్డాను. ఛాతీ పట్టేసింది, ఊపిరి ఆడలేదు, వేళ్లు కొంకర్లు పోయాయి. హార్ట్ ఎటాకే అనుకున్నా. ఈసీజీ, ఎకో, ఎక్స్‌రే అన్నీ నార్మల్. మళ్లీ మూడుసార్లు వచ్చింది. ప్రతిసారీ అదే మాట, ఏం లేదు. ఏం లేకపోతే చేతులెందుకు వంకర పోయాయి? నాటకమాడుతున్నానా? మీ అమ్మ ఎండుమిర్చితో దిష్టి తీసింది, ఆ ఘాటుకు ఇంకోసారి ఆయాసం!

చివరికి హన్మకొండలో ఒక డాక్టర్ రిపోర్టులు పక్కనపెట్టి, "నా ముందర గబగబా ఊపిరి తీయి" అన్నాడు. రెండు నిమిషాలు కాకముందే మూతి చుట్టూ తిమ్మిరి, అదే దడ. "ఇదేనా?" అన్నాడు. ఇదే సార్ అన్నాను. దీన్నే పానిక్ ఎటాక్ అంటారట, భయంలో తెలియకుండానే ఊపిరి ఎక్కువ తీస్తామట. ఆక్సిజన్ తగ్గదు, కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోతుంది. మెదడు రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది. రక్తంలో క్షారగుణం పెరిగి, నరాలకు పనికొచ్చే కాల్షియం తగ్గి వేళ్లు బిగుసుకుంటాయి. అది చూసి ఇంకా భయం, ఇంకా ఊపిరి. గుండె బాగుంది, నొప్పీ నిజమే. రెండూ ఒకేసారి ఉంటాయని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

మళ్లీ వస్తే కూర్చో. ముక్కుతో మెల్లగా పీల్చి, అంతకంటే ఎక్కువసేపు వదులు. మామూలుగా 10 నిమిషాలకు దాని జోరు తగ్గుతుంది. కాగితం సంచిలో ఊపిరి తీయమంటే వినకు, ఆస్తమానో గుండెజబ్బో ఉన్నవాళ్లకు అది ప్రమాదం. డాక్టర్ ముందర నేను చేసింది కూడా రూమ్‌లో ఒక్కదానివే చేసి చూడకు.

నాకు ఊపిరి మెల్లగా తీసినంత మాత్రాన పూర్తిగా తగ్గలేదు. ఆ ఏడాది అప్పు లోపల తొలుస్తుండె. సైకియాట్రిస్ట్ దగ్గరికి పోయాను, ఎవరైనా చూస్తారని మొదటిసారి మొహానికి టవల్ చుట్టుకొని. మాటలతో, కొన్ని నెలల గోలీలతో తగ్గింది. నీ లోపల ఏముందో నాకే చెప్పాలని లేదు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు ఫోన్ లైన్ ఉంది, టెలి మానస్, 14416కు ఏ రాత్రయినా చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, పైసలు తీసుకోరు.

శనివారం వస్తే ట్రైన్ టైమ్ చెప్పు, కాజీపేటకు బండి తెస్తా. మీ అమ్మకు నా టవల్ సంగతి మాత్రం చెప్పకు.

మీ బాపు