ఉప్పెన తర్వాత ఉత్తరాలు పంచినవాడు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త పడింది, దివిసీమలో రిటైరైన పోస్టుమేన్ ఒకాయన కన్నుమూశారని. ఆయన నా స్నేహితుడు. ఒకే వీధిలో పుట్టి పెరిగాం, వాళ్ళమ్మ వాడితోపాటు నన్నూ కూర్చోబెట్టి అన్నం పెట్టేది. పేరు రాయడం లేదు, బతికుండగా ఫొటో కూడా తియ్యనిచ్చేవాడు కాదు, ఎరిగినవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది.

నాగాయలంక అవతల పల్లెల్లో వాడు ఈడీ పోస్టుమేన్, అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్. తర్వాత గ్రామీణ డాక్ సేవక్ అని మార్చారు గానీ జనానికి చివరిదాకా ఈడీ గారే. మహా మొండివాడు, పేకాటలో తొండి చేసేవాడు, అప్పు అడిగితే ఇచ్చి ఊరంతా చెప్పేవాడు. వారధి లేని రోజుల్లో పులిగడ్డ రేవులో పడవెక్కి పెనుమూడిలో దిగి రేపల్లెకి సినిమాకి పోయేవాళ్ళం, టికెట్లు ఎప్పుడూ నా డబ్బులే.

ఇదంతా నవ్వుకోవడానికి. నేను చెప్పాలనుకున్నది వేరే.

1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన వచ్చిన రోజు, ఆ తారీఖు దివిసీమలో ఎవరికీ గుర్తుచెయ్యక్కర్లేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి, తుమ్మకంపల్లో కాలవల్లో రోజుల తరబడి శవాలు, విజయవాడ నుంచి నాస్తిక కేంద్రం వాళ్ళు వచ్చి తియ్యడానికి పూనుకున్నారు, ఆ తర్వాత రామకృష్ణ మిషన్ వాళ్ళు ఇళ్ళు కట్టించారు. ఇవన్నీ ఏటా నవంబరులో పేపర్లలో వస్తూనే ఉంటాయి. నేను చదివినంతలో రానిది ఒకటుంది. దారులు బాగుపడి టపా సంచి మళ్ళీ రావడం మొదలయ్యాక అందులో చచ్చిపోయినవాళ్ళకి ఉత్తరాలు వచ్చేవి. వెంటనే జాబు రాయమని కార్డులు, కొడుకు పంపిన మనియార్డరు, తుపానుకి ముందు ఎక్కడో డబ్బాలో వేసిన శుభలేఖ.

మనిషి పోయాడని రాసి వెనక్కి పంపాలి, రూలు అదే. మావాడు అక్కడితో వదల్లేదు. ఆ ఇంట్లో ఎవరు మిగిలారు, ఏ శిబిరంలో ఉన్నారు అని తిరిగి తిరిగి కనుక్కుని, సొంత డబ్బుతో కార్డు కొని పంపినవాళ్ళకి రాసేవాడు. ఎవరూ మిగలకపోతే అదీ రాసేవాడు, అలాంటి కార్డు రాసిన రోజు మాత్రం పేకాటకి వచ్చేవాడు కాదు. ప్రతి పేరూ ఊరితో సహా ఒక నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. ఎందుకురా ఇదంతా అని నేను విసుక్కుంటే, ‘‘పదివేల మంది పోయారంటారు కదా, పది పేర్లు చెప్పమను చూద్దాం’’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

చెల్లెమ్మకీ పిల్లలకీ ఏం చెప్పి ఓదార్చాలో తెలియడం లేదు. ఒంట్లో బాగోక కడసారి చూపుకి కూడా రాలేకపోయాను. మీ నాన్న గొప్పవాడని అందరూ చెబుతారు పిల్లలూ, కాస్త చిరాకు మనిషని కూడా మీకు తెలుసు, రెండూ కలిపే గుర్తుపెట్టుకోండి. సాయంత్రం అయ్యేసరికి వాడి ఫోను కోసం చెయ్యి సెల్లు మీదికి పోతోంది, మీకు ఇంట్లో ఇంకెంత వెలితిగా ఉందో. ఏ అవసరం వచ్చినా పెదనాన్న ఉన్నాడు, మొహమాటపడకండి.

సంపాదకులకి ఒక మనవి. ఈసారి నవంబరు 19న లెక్క ఒక్కటే వెయ్యకుండా పోయినవాళ్ళ పేర్లు కొన్నైనా వెయ్యండి, ఒక్క ఊరివైనా సరే. చెల్లెమ్మా, ఆ నోటుబుక్కు రేకుపెట్టెలో ఉండాలి, పాత కాయితాలతో పాటు అమ్మెయ్యకండి. చెదలు పట్టకముందే జిరాక్సు తీయించి ఒక కాపీ ఈ పేపరు వాళ్ళకి పంపండి, ఖర్చు నాది.

– ఒక పాఠకుడు, అవనిగడ్డ