ఐదు రోజుల స్నోమొబైల్ టూరు ప్యాకేజీపై ఫిర్యాదు

విజయనగరం,
2 ఫిబ్రవరి 2026.

బ్రాంచి మేనేజరు గారికి,

విషయం: గత నెల ఫిన్లాండులోని ఇనారి ప్రాంతానికి మీరు నడిపిన స్నోమొబైల్ (మంచు మీద పోయే మోటారు బండి) టూరులో లోపాలు, తిరిగి ఇవ్వాల్సిన డబ్బు.

అయ్యా,

ఈ నెల రాకముందే తేలిపోతుందనుకుని మీ వాళ్లకి నాలుగుసార్లు వాట్సాప్ పెట్టాను, మూడుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ ఒకటే జవాబు. "మంచు దేశం కదండీ, చలి అలాగే ఉంటుంది సార్." చలి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. మైనస్ 25లో నలభై కిలోమీటర్ల స్పీడుతో పోతే మొహానికి మైనస్ 40లా కొడుతుందని తెలిసే వెళ్లాను. నేను అడుగుతున్నది వేరు. మనుషులు తిరగని దారుల్లో ఐదు రోజులు బండి మీద పోవాలంటే ముందు కూర్చుని వేసుకోవాల్సిన లెక్కలు కొన్ని ఉంటాయి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు, వెలుతురు ఎంతసేపు, పెట్రోలు ఎక్కడ, బండి ఆగిపోతే ఏం చెయ్యాలి. ఆ లెక్కలు వెయ్యడానికే మీకు 9,60,000 రూపాయలు కట్టాను, విమానం టిక్కెట్లు కాకుండా. ఆ పని మీ దగ్గర ఎవరూ చెయ్యలేదు.

మొదటి సంగతి. నలుగురికీ తలా ఒక బండి అన్నారు. ఒంటరిగా నడిపేందుకు మనిషికి 45,000 చొప్పున అదనంగా 1,80,000 తీసుకున్నారు. మా అబ్బాయికి పద్నాలుగేళ్లని బుకింగ్ రోజే పాస్‌పోర్టు కాపీ ఇచ్చాను. మా ఆవిడకి లైసెన్సు లేదని ఫారంలో రాశాను. తీరా ఇనారి దగ్గరి ఇవాలో విమానాశ్రయంలో దిగాక, బళ్లు అద్దెకిచ్చేవాళ్లు పదిహేనేళ్లు నిండనివాళ్లకీ, లైసెన్సు లేనివాళ్లకీ బండి ఇవ్వమన్నారు. వాళ్ల తప్పేం లేదు, అక్కడి రూలు అది. బుకింగ్ ఫారం చదివిన మనిషెవరైనా మీ ఆఫీసులో ఉండి ఉంటే ఆ సంగతి నాకు దసరా నాడే తెలిసేది. చివరికి నా వెనక మా ఆవిడ, మా బావమరిది వెనక అబ్బాయి. రెండు బళ్ల మీద నలుగురం. తొమ్మిదో క్లాసు గుంటడు నాలుగు నెలల ముందు నుంచి స్నేహితులందరికీ చెప్పుకున్నాడు, తనే నడుపుతానని. ఆ రోజు రాత్రి వాడు అన్నం ముట్టలేదు.

తెచ్చుకోవాల్సిన వస్తువుల జాబితా ఒకటి పంపారు కదా, దాని సంగతి కూడా చెప్పాలి. అందులో ఏడో వస్తువు శాటిలైట్ మెసెంజర్ (ఫోను సిగ్నలు లేని చోట ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరం), "ఇండియాలోనే కొనుక్కోండి" అని పక్కన ఒక ముక్క. మన దేశంలో ప్రభుత్వం అనుమతి లేకుండా అలాంటిది దగ్గర ఉంచుకోవడమే నేరం. విమానాశ్రయాల్లో దాంతో దొరికి పోలీసుల దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. మా బావమరిది అడ్డుపడకపోతే నేను ఆన్‌లైన్‌లో తెప్పించేసేవాణ్ణే. ఎక్కడో కెనడా వాళ్ల కోసం రాసిన కాగితాన్ని పేరు మార్చి నాకు పంపినట్టున్నారు.

ఇక మూడో రోజు. మీ కాగితంలో "ఇనారి – సెవెట్టియార్వి – ఇనారి, 10 గంటలకు బయలుదేరి 4 గంటలకు తిరిగి రాక" అని ఉంది. రోడ్డు మీదే ఒకవైపు 120 కిలోమీటర్ల దాకా ఉన్న దూరం అది. రానూ పోనూ రెండు వందలు దాటుతుంది. అక్కడ నేల మీద స్నోమొబైలుకి స్పీడు పరిమితి గంటకి 60. అంత స్పీడు ఎవరూ రోజంతా పోలేరు, అందులోనూ కొత్తవాళ్లు, వెనక మనిషితో, సామానుతో. పైగా జనవరి నడిమధ్యలో ఇనారిలో సూర్యుడు కనపడేది రెండు మూడు గంటలు. ముందూ వెనకా కాస్త మసక వెలుతురు, మిగతాదంతా చీకటే. పండగ సెలవులని మేం ఆ తేదీలు అడిగిన మాట నిజమే. అడిగినప్పుడు "అప్పుడు పగలు ఉండదండీ, రోజుకి డెబ్భై కిలోమీటర్లకి కుదిద్దాం, లేదా ఫిబ్రవరి ఆఖరుకి మార్చుకోండి" అని చెప్పాల్సింది మీరు. భోగి మంటా కనుమా వదులుకుని వచ్చామని మీకు తెలుసు. "ఆ టైమే సూపర్ సార్" అన్నారు.

పొద్దున కాగితం చూసి గైడు తల అడ్డంగా ఊపాడు. సగం దూరంలో వెనక్కి తిరుగుదామన్నాడు. ఆయన వల్లే ఈ ఉత్తరం రాయడానికి మిగిలామని అనుకుంటాను. మధ్యాహ్నం రెండున్నరకి, చీకటి పడుతూ ఉండగా, మెత్తటి మంచు దిబ్బ ఎక్కుతుంటే నా బండి ఇంజను గీపెట్టింది గానీ ముందుకి కదల్లేదు. కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఎత్తుబ్రిడ్జి దగ్గర పద్దెనిమిదేళ్లుగా టూవీలర్ స్పేర్ పార్టుల దుకాణం నడుపుతున్నాను. ఆ వాసన ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. స్నోమొబైలుకీ మన ఆక్టివాకీ ఈ విషయంలో తేడా లేదు, రెండు పుల్లీల మధ్య బెల్టు తిరగాలి. చిన్న ఇంజను బండి మీద ఇద్దరినీ, పెట్టెల్నీ ఎక్కించి మెత్తటి మంచులో నెమ్మదిగా లాగిస్తే బెల్టు జారుతుంది, వేడెక్కుతుంది, తెగుతుంది. మూత తీసి చూస్తే బెల్టు అంచు పీచులు పీచులుగా లేచిపోయి ఉంది. అది ఒక్క రోజులో అయిన అరుగుదల కాదు. అదనపు బెల్టు పెట్టుకునే క్లిప్పులు మూత లోపలే ఉన్నాయి, ఖాళీగా. గైడు తన బండిలోది తీసి ఇచ్చాడు. పెద్ద ఇంజను బండి కదా, అది నా దానికి పట్టలేదు. బళ్లన్నీ ఒకే మోడలు అయితే ఒక బెల్టు అందరికీ సరిపోతుందన్న ఆలోచన బుక్ చేసేటప్పుడు రావాలి. మా వీధి చివర మెకానిక్ కుర్రాడికైనా వస్తుంది.

గైడు తన దగ్గరున్న ఫోనులో కబురు చేశాడు. ఇంకో బండి రావడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆయన మంట వేసి, ఫ్లాస్కులోంచి వేడి పళ్లరసం పోసి ఇచ్చాడు. మా ఆవిడ ఊపిరి ఆవిరే ఆవిడ కనురెప్పల మీద గడ్డకట్టి, పై రెప్పా కింద రెప్పా అతుక్కుపోయాయి. చేతి తొడుగు తీసి అరచెయ్యి ఒత్తిపెట్టి ఉంచితే గాని తెరుచుకోలేదు. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు భయం వేసింది.

మర్నాడు బెల్టుకీ, బండి లాక్కొచ్చినందుకూ 640 యూరోలు నా కార్డు మీదే గీశారు. ఇన్సూరెన్సు వాళ్లని అడిగితే, మీరు చేయించిన పాలసీ వీసాకి కావాల్సిన 30,000 యూరోల వైద్యం ఖర్చు మాత్రమే చూస్తుందట. మోటారు బళ్ల మీద మంచు ఆటలు అందులో మినహాయింపు అని పదకొండో పేజీలో ఉంది. స్నోమొబైల్ టూరు అమ్మి, స్నోమొబైలు ఎక్కితే చెల్లని పాలసీ అంటగట్టారు.

పెట్రోలు సంగతి రెండు ముక్కల్లో. మీ కాగితంలో ఎక్కడ పోయించుకోవాలో ఒక్క చోటా లేదు. గైడే చూసుకున్నాడు.

నేను కోరేది ఇదీ. ఎవరూ ఒంటరిగా నడపలేదు కాబట్టి దాని కోసం తీసుకున్న 1,80,000 వెనక్కి ఇవ్వండి. 640 యూరోలు, కార్డు బిల్లులో పడిన రూపాయల లెక్కన ఇవ్వండి. బిల్లు జత చేశాను. మూడో రోజు సగంలో ఆగింది కాబట్టి ఆ ఒక్క రోజు ఛార్జీలో సగం ఇవ్వండి. మిగతా నాలుగు రోజులకి నేను పైసా అడగడం లేదు. నాలుగో రాత్రి ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు చూశాం, దానికి ఎంతిచ్చినా తక్కువే. వీటితో పాటు నా దగ్గర టీసీఎస్ (విదేశీ టూరు అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) కింద 48,000 పట్టుకున్నారు, ఇంతవరకూ దాని సర్టిఫికెట్టు, అంటే ఫారం 27డీ, ఇవ్వలేదు. అది నాకు రిటర్నులో చూపించుకోవడానికి కావాలి. దానికీ మంచుకీ సంబంధం లేదు కాబట్టి వారంలో పంపగలరు.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే విజయనగరంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, విశాఖ దాకా రానక్కర్లేదు. కట్టిన డబ్బు ఐదు లక్షలు దాటి పది లక్షల లోపు ఉంటే ఫీజు కూడా 200 రూపాయలే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కనుక్కున్నాను.

అరిగిన బెల్టుని గైడు నాకే ఇచ్చేశాడు. దుకాణంలో కౌంటరు వెనక మేకుకి వేలాడుతోంది. మీ వాళ్లెవరైనా వస్తే చూపిస్తాను, ఫొటో ఇందులో పెట్టాను.

ఇట్లు,
బుక్ చేసుకున్న నలుగురి తరఫున,
విజయనగరం.

జతపరిచినవి: డబ్బు కట్టిన రసీదులు, మీరు పంపిన టూరు కాగితం, వస్తువుల జాబితా, 640 యూరోల బిల్లు, బెల్టు ఫొటో.